గడ్డకట్టని మంచు: చిత్తూరు, తిరుపతి తోటల్లో కాలం మారే వేళ

అక్టోబరు రాగానే యూట్యూబ్‌లో తోటల వీడియోల తీరు మారిపోతుంది. ఇంగ్లండ్‌లోనో కెనడాలోనో ఉన్నవాళ్లు మొదటి ఫ్రాస్ట్ (గడ్డకట్టే మంచు) ఎప్పుడు పడుతుందా అని రోజూ వాతావరణ సూచన చూసుకుంటూ ఉంటారు. పచ్చి టమాటాలు కోసి పేపర్లో చుట్టి ఇంట్లో దాస్తారు. చలికి ఆగని మొక్కల్ని కుండీలతో సహా లోపలికి తెస్తారు. మిగిలినవాటికి సాయంత్రం పాత దుప్పట్లు కప్పుతారు. డిసెంబరు నాటికి ఉత్తరాది నుంచి వచ్చే హిందీ వీడియోల్లోనూ ఇదే సందడి. అవి చూసి తిరుపతిలో మిద్దెతోట పెంచేవాళ్లు కొందరు, కార్తీకం చలి మొదలైందో లేదో, మొక్కల మీద పాలిథిన్ కవర్లు కప్పేస్తున్నారు. వారం తిరిగేసరికి ఆకుల అడుగున బూజు కనిపిస్తుంది. చలికి పోయాయనుకుంటారు గానీ, నిజానికి అవి పోయింది కప్పినందుకే.

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఫ్రాస్ట్ పడదు. కానీ ఫ్రాస్ట్ పడటానికి ఏ కారణాలు కావాలో దాదాపు అవన్నీ ఇక్కడా ఉంటాయి. అందుకే ఈ విషయం కాస్త వివరంగా చూడాలి. ఊటీలో ఆకును చంపే రాత్రి, మదనపల్లెలో ఆకును తడిపి ఊరుకుంటుంది. అయితే అసలు నష్టమంతా ఆ తడి నుంచే మొదలవుతుంది.

ఫ్రాస్ట్ అంటే ఆకు మీద గడ్డకట్టిన మంచు. మబ్బు లేని, గాలి ఆడని రాత్రుల్లో నేలా ఆకులూ తమ వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తాయి. చుట్టూ ఉన్న గాలికన్నా ఆకు ముందుగా చల్లబడుతుంది. మనిషి తల ఎత్తులో ఉన్న థర్మామీటరు మూడు డిగ్రీలు చూపిస్తున్నా కింద ఆకు సున్నాకు చేరుకోవచ్చు. అప్పుడు ఆకులో కణాల మధ్య ఉన్న నీరు గడ్డకడుతుంది. ఆ గడ్డ కణాల లోపలి నీటిని బయటికి లాగేస్తుంది, పొరలు చిరుగుతాయి. తెల్లారి ఎండ తగలగానే మొక్క ఉడికించిన ఆకుకూరలా వాలిపోతుంది. నీలగిరుల్లో ఊటీ, కేరళలో మున్నార్ తేయాకు తోటలు చలికాలంలో ఈ దెబ్బ తింటూనే ఉంటాయి. మన రాష్ట్రంలో అయితే అల్లూరి జిల్లా లంబసింగి వైపు సున్నా దరిదాపులకు పోయే రాత్రులు వార్తల్లోకి వస్తాయి. అలాంటి చోట దుప్పటి కప్పితే లాభం ఉంది. నేల నుంచి వచ్చే వేడి ఆకాశంలోకి పోకుండా అది అడ్డం పడుతుంది. కొన్ని దేశాల్లో పండ్ల తోటల మీద రాత్రంతా నీళ్లు చిమ్ముతారు. గ్రాము నీరు గడ్డకట్టేటప్పుడు 80 కేలరీల వేడి వదులుతుంది కాబట్టి, నీరు గడ్డకడుతూ ఉన్నంతసేపూ లోపల మొగ్గ సున్నా కన్నా పెద్దగా కిందికి పోదు. చెత్త తగలబెట్టి పొగ పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది గానీ దానితో ఒరిగేది తక్కువే. నేల వదిలే వేడిని ఆపగలిగేంత పెద్దవి కావు పొగలోని నుసి రేణువులు.

ఇక మన దగ్గరికి వద్దాం. తిరుపతి సముద్రమట్టానికి 160 మీటర్ల ఎత్తులో ఉంది. తిరుమల 850 మీటర్ల పైచిలుకు. కిలోమీటరు ఎత్తుకు దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్న లెక్క చూస్తే, అలిపిరిలో చెప్పులు విడిచి మెట్లెక్కినవాళ్లకు పైకి చేరేసరికి నాలుగైదు డిగ్రీల తేడా తెలుస్తుంది. పడమటి వైపు పలమనేరు, కుప్పం, మదనపల్లె దాదాపు 700 మీటర్ల పీఠభూమి మీద ఉన్నాయి. అక్కడి గాలి తిరుపతి గాలికన్నా కర్ణాటకలోని కోలారు గాలికే దగ్గర. హార్స్‌లీ హిల్స్ 1,200 మీటర్లు దాటుతుంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ రోగులకు శానటోరియం కట్టింది ఆ చల్లని పొడి గాలి కోసమే. చలికాలంలో రాయలసీమ కనిష్ఠ ఉష్ణోగ్రతల జాబితాలో ఇప్పటికీ ఆరోగ్యవరం పేరు తరచూ కనిపిస్తుంది. జిల్లాలు 2022లో విడిపోయాయి గానీ, తోట సంగతుల్లో పాత చిత్తూరు జిల్లానే లెక్కలోకి తీసుకోవడం మేలు. తూర్పున పల్లం, పడమట మెట్ట. ఒకే నెలలో రెండు చోట్లా రెండు వేర్వేరు కాలాలు నడుస్తుంటాయి.

ఇంత ఎత్తు ఉన్నా గడ్డకట్టే దాకా ఎందుకు పోదు? భూమధ్యరేఖకు దగ్గరగా ఉండటం ఒక కారణం. మరో కారణం ఈశాన్య రుతుపవనాలు. మిగతా తెలుగు నేల చాలావరకు సెప్టెంబరుతో వానలు ముగించుకుంటుంది. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం నుంచి వాన పడుతూనే ఉంటుంది. స్వాతి, విశాఖ, అనూరాధ కార్తెలు దాటేసరికి నేలా చెరువులూ గాలీ అన్నీ తేమతో నిండి ఉంటాయి. అలాంటి గాలి రాత్రిపూట కొంచెం చల్లబడగానే అందులోని ఆవిరి ఆకుల మీద నీటి బొట్లుగా మారుతుంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు గ్రాముకు 580 కేలరీలకు పైగా వేడి బయటికి వస్తుంది. గడ్డకట్టేటప్పుడు వచ్చే వేడికి ఇది ఏడు రెట్లు. దాంతో ఉష్ణోగ్రత పడిపోయే వేగం తగ్గుతుంది. అంటే, రాత్రిని మరీ చల్లబడనివ్వకుండా కాపాడేది ఆ మంచు బొట్టే. తెల్లవారి తొమ్మిది దాకా ఆకును తడిగా ఉంచి తెగులును పిలిచేదీ అదే. ఇక్కడి తోటవాళ్ల చలికాలమంతా ఈ మెలిక చుట్టూనే తిరుగుతుంది.

దీన్ని బాగా ఎరిగినవాళ్లు పడమటి మండలాల టమాటా రైతులు. మదనపల్లె మండీ దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. అక్కడ ధర గురించి జరిగే చర్చలో సగం మంచు గురించిన చర్చే. టమాటాకు చలి కొంతవరకు నచ్చుతుంది. రాత్రి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే కాయ బాగా కడుతుంది. 13కు కిందికి జారితే పుప్పొడి సరిగ్గా తయారవక పూత రాలుతుంది, నిలిచిన కాయ వంకరపోతుంది, రంగు తిరగడానికి రోజులు పడుతుంది. కానీ చలి వల్ల నేరుగా పంట పోయిందని చెప్పుకునే సంవత్సరాలు తక్కువ. తోటలను ఊడ్చిపెట్టేది లేట్ బ్లైట్ అనే తెగులు. 1845లో ఐర్లండ్‌లో ఆలుగడ్డ పంటను నాశనం చేసి కరువు తెచ్చిన ఫైటాఫ్తోరా జీవే ఇది. పేరుకు శిలీంధ్రం అంటారు గానీ నీటి బూజుల జాతికి చెందినది. దీని బీజాలు తోకలతో ఈదగలవు. ఈదడానికి కావలసింది ఆకు మీద పలుచని నీటి పొర, పన్నెండు పదిహేను డిగ్రీల చల్లదనం. పడమటి మండలాల్లో మంచు కురిసే రాత్రి ఈ రెండూ ఒకేసారి అందుతాయి.

అందుకే ఇక్కడ థర్మామీటరు కన్నా గడియారంతోనే ఎక్కువ పని. ఆకు ఎన్ని గంటలు తడిగా ఉందన్నదే లెక్క. రాత్రి పదికి మంచు పట్టి ఉదయం తొమ్మిదికి ఆరితే పదకొండు గంటలు. ఆ పైన మబ్బు పట్టి ఎండ రాకపోతే మధ్యాహ్నం దాకా తడే. అలాంటి రోజులు వరుసగా మూడు నాలుగు వస్తే చేలో మొదట పల్లపు మూల నుంచి, చెట్ల నీడ పడే గట్టు వెంబడి మచ్చలు మొదలవుతాయి. చల్లగాలి బరువైనది కాబట్టి రాత్రిపూట పల్లానికి జారి అక్కడే నిలుస్తుంది. చెరువు కింది చేలు, వంక పక్క చేలు అందుకే ముందు దెబ్బతింటాయి. ఉదయం ఎండ ఆలస్యంగా తగిలే కొండ వార చేలదీ ఇదే కథ. చేను ఎంచుకునేటప్పుడు నీటి వసతి చూసినంత శ్రద్ధగా పొద్దున ఎండ చూసేవాళ్లు తక్కువ.

కట్టెలు పాతి తీగకు మొక్కను ఎత్తి కట్టే పద్ధతి ఈ ప్రాంతంలో బాగా పాకింది. కాయ మట్టికి తగలకుండా ఉండటానికే అది అనుకుంటారు. దాంతోపాటు సాళ్ల మధ్య గాలి ఆడి ఆకు గంటా రెండు గంటలు ముందే ఆరుతుంది. డ్రిప్, నేల మీద పరిచే మల్చింగ్ షీటు వల్ల వచ్చే మేలులో కూడా ఇదొకటి. నేల మీది తేమ సాళ్ల మధ్య ఆవిరిగా లేవదు. అడుగు ఆకులు రెండు మూడు వరుసలు తీసేయడం, సాళ్లు మరీ దగ్గరగా పెట్టకపోవడం, సాయంత్రం పూట స్ప్రింక్లర్ వాడకపోవడం చిన్న పనులే. మాంకోజెబ్ లాంటి తెగులు మందు లీటరుకు రెండున్నర గ్రాములు కలిపి కొట్టడం ఎటూ ఉన్నదే. కానీ ఆ మందు ఆకు పైపొరకు కాపలా మాత్రమే. తెగులు లోపలికి దిగాక అది చేసేది ఏమీ లేదు. మచ్చ చూసి పరిగెత్తి కొట్టేవాళ్ల డబ్బు చాలావరకు షాపుకే చేరుతుంది. పొద్దున్నే మంచు కారుతున్న ఆకు మీద కొడితే మందు బొట్లతో పాటు నేలకు జారిపోతుంది. ఆకు ఆరాక కొట్టాలి, కొట్టాక మళ్లీ మంచు పట్టేలోగా ఆరేంత టైం ఉండాలి. చలికాలంలో రోజుకు ఈ పనికి దొరికేది ఉదయం పది నుంచి సాయంత్రం మూడు నాలుగు దాకానే.

మామిడి దగ్గరికి వస్తే కథ తిరగబడుతుంది. చలి లేకపోతేనే అక్కడ టెన్షన్. తోతాపురికి పేరుపడ్డ ఈ జిల్లాల్లో చెట్టు పూతకు రావాలంటే కొన్ని వారాల పాటు రాత్రులు చల్లబడాలి. 15 డిగ్రీల దరిదాపులకు దిగితే పూత మొగ్గ గట్టిగా పడుతుంది. 18, 20 దగ్గరే ఆగిపోతే నాలుగైదు నెలలు ముదిరిన కొమ్మలు మాత్రమే పూస్తాయి, లేత కొమ్మలు చిగురు వేస్తాయి. నవంబరు, డిసెంబరుల్లో వాన కొడితే నేలలో తేమ పెరిగి మళ్లీ చిగురే వస్తుంది. 2021 నవంబరులో తిరుపతిని ముంచి స్వర్ణముఖిని పొంగించిన వానలు, 2022 డిసెంబరులో మాండౌస్, 2023 డిసెంబరులో మిచాంగ్, 2024 నవంబరు చివర ఫెంగల్ తుఫాన్లు, ఇవన్నీ సరిగ్గా చెట్టు ఎండి విశ్రాంతి తీసుకోవాల్సిన రోజుల్లోనే వచ్చాయి. ఆ నెలల్లో తోటకు తడి పెట్టొద్దని వ్యవసాయ అధికారులు ఎంత చెప్పినా, తుఫానును ఆపడం ఎవరి చేతిలోనూ లేదు. ముందుజాగ్రత్తగా మొదళ్లలో పాక్లోబ్యుట్రజాల్ అనే మందు పోసి పూత రప్పించే అలవాటు పెరగడానికి ఇదో కారణం. ఏటేటా అదే పనిగా పోస్తే చెట్టు గిడసబారుతుంది, ఆ సంగతి పోసేవాళ్లకూ తెలుసు.

పూత వచ్చాక మంచు మీద నింద మొదలవుతుంది. "మంచుకు పూత మాడిపోయింది" అనే మాట జనవరిలో ప్రతి తోటలోనూ వినిపిస్తుంది. ఇందులో కొంత నిజం ఉంది, ఎక్కువ అన్యాయం ఉంది. మంచు బొట్టు దానంతట అది పూతను మాడ్చదు. నల్లబడిన పూతగుత్తిని చేత్తో తాకి చూస్తే సంగతి తేలుతుంది. వేళ్లకు జిగట అంటితే అది తేనెమంచు పురుగు పని. పూత రసం పీల్చి, తీపి జిగురును విసర్జిస్తుంది. ఆ తీపి మీద మసి తెగులు పెరిగి గుత్తి, ఆకులు నల్లబడతాయి. ఉదయం పూట ఆ జిగురు మెరుస్తుంటే దూరం నుంచి మంచులాగే కనిపిస్తుంది. గుత్తి మీద తెల్లటి పొడి ఉంటే బూడిద తెగులు. చల్లటి రాత్రి, పొడి పగలు దానికి ఇష్టం. ఆకు మీద నీరు నిలవడం దానికి అవసరం లేదు, కాబట్టి మంచు తగ్గాకే ఎక్కువగా కనిపిస్తుంది. గుత్తి కాడ మీద నల్లటి చుక్కలు పడి పూలు రాలుతుంటే ఆంత్రాక్నోస్ అనే తెగులు. మంచుకు నిజంగా సంబంధం ఉన్నది దీనికే, ఎందుకంటే దాని బీజం మొలకెత్తాలంటే తడి కావాలి.

ఈ మూడింటికీ మందులు వేరు. బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాములు చాలు, ఖర్చు కూడా తక్కువే. మంచు అని ఒకే పేరు పెట్టి, షాపులో ఇచ్చిన మూడు మందులూ ఒకే డ్రమ్ములో కలిపి కొట్టడంతోనే నష్టం. పూత పూర్తిగా విచ్చుకున్న రోజుల్లో పురుగు మందు కొడితే ఈగలు, తేనెటీగలు చచ్చిపోయి పిందె కట్టడమే తగ్గుతుంది. మామిడి పుప్పొడిని ఎక్కువగా మోసేది ఈగలే అన్న సంగతి చాలామందికి పట్టదు.

డిసెంబరులో ముందుగా వచ్చిన పూత చూసి మురిసిపోవడం కూడా తొందరపాటే. గుత్తి పెరిగేటప్పుడు మరీ చలిగా ఉంటే అందులో మగ పూలే ఎక్కువ వస్తాయి, పిందె కట్టగల ద్విలింగ పూలు తగ్గుతాయి. సంక్రాంతి దాటాక వచ్చే పూత చూడటానికి పలుచగా ఉన్నా పిందె నిలబెట్టేది చాలాసార్లు అదే.

చలి, తడి కాకుండా ఈ కాలంలో మారేది మరొకటి ఉంది, వెలుగు. జూన్ చివర తిరుపతిలో పగలు సుమారు 12 గంటల 55 నిమిషాలు. డిసెంబరు చివర 11 గంటల 20 నిమిషాలు. లండన్‌లో డిసెంబరు పగలు ఎనిమిది గంటలైనా ఉండదు, దానితో పోలిస్తే మనది పెద్ద మార్పే కాదు. అయినా కొన్ని మొక్కలు ఈ గంటన్నర తేడాను పట్టేస్తాయి. చామంతి రాత్రి నిడివి చూసుకుని మొగ్గ వేస్తుంది. కుప్పం, వి.కోట వైపు చేలల్లో చామంతి విరగబూయడానికి, తిరుపతిలో వీధిలైటు కింద పెట్టిన చామంతి కుండీ ఆకులతోనే గుబురుగా ఉండిపోవడానికి కారణం ఒకటే. పాలీహౌసుల్లో కావాలనే రాత్రి బల్బులు వెలిగించి పూతను వాయిదా వేస్తారు. వీధిలైటు మిద్దెమీద అదే పని అడక్కుండా చేసిపెడుతుంది. కుండీని ఇంటి వెనక్కి జరిపితే సరి. మల్లె మాత్రం ఈ కాలంలో నిద్రపోతుంది. దానికి నీరు తగ్గించి, డిసెంబరు, జనవరిల్లో కొమ్మలు కత్తిరించాలి. ఎరువు వేసి లేపాలని చూడటం దండగ.

అనపకాయ సంగతి చెప్పకుండా చిత్తూరు చలికాలం గురించి రాయడం కుదరదు. పాత నాటు రకాలు జూన్‌లో విత్తినా, ఆగస్టులో విత్తినా పగలు తగ్గే దాకా పూయవు. అందుకే అందరి చేలల్లోనూ ఒకేసారి కాయ దిగుతుంది, ఒకేసారి ఇళ్లల్లో గింజలు నానబెట్టి పితికిపప్పు కూర ఉడుకుతుంది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన హెబ్బాళ అవరె లాంటి కొత్త రకాలు పగటి నిడివిని పట్టించుకోవు, ఏడాదిలో ఎప్పుడైనా కాస్తాయి. వాటికి ఆ వాసన రాదని, మంచు పడ్డ కాయకే రుచి అని పల్లెల్లో గట్టిగా చెబుతారు. ఈ ఒక్క విషయంలో మంచుకు మంచి పేరే ఉంది.

తిరుపతి మిద్దెతోటకు పైన చెప్పినదాంట్లో కొంతే వర్తిస్తుంది. కాంక్రీటు పగలంతా వేడి పీల్చుకుని రాత్రి వదులుతుంది కాబట్టి మిద్దె మీద చలి పొలంలో ఉన్నంత ఉండదు. ఇబ్బంది రెండు చోట్ల వస్తుంది. మొదటిది నీడ. డిసెంబరు చివర మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 53 డిగ్రీల ఎత్తుకు మించి పైకి రాడు. జూన్‌లో మనకు ఉత్తరంగా పోతాడు. ఎండాకాలంలో ఎండ మాడ్చిన దక్షిణ పిట్టగోడ వార, చలికాలంలో మిట్టమధ్యాహ్నం కూడా రెండు అడుగులకు పైగా నీడ పడుతుంది. వంగ, మిరప, టమాటా కుండీలు అక్కడే ఉంచేస్తే పూత తగ్గుతుంది. వాటిని ఉత్తరం వైపుకు మార్చి, ఆ నీడలో పాలకూర, కొత్తిమీర, మెంతి పెడితే బతుకుతాయి. రెండోది నీరు. అక్టోబరు నుంచి మొక్క తాగేది తగ్గుతుంది, చేతి అలవాటు మాత్రం మే నెలదే. కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ఎక్కువ కలిపిన గ్రో బ్యాగుల్లో పైన పొడిగా కనిపించినా అడుగున తడి వారం దాకా ఉంటుంది. వేలు రెండు అంగుళాలు లోపలికి గుచ్చి చూసి, ఆరితేనే, అదీ ఉదయం పూటే పోయాలి. సాయంత్రం ఆకుల మీద నీళ్లు చల్లితే రాత్రి మంచుకు నాలుగు గంటలు ముందే తడి మొదలుపెట్టినట్టు. కరివేపాకు ఈ నెలల్లో చిగురు వేయకపోతే అది జబ్బు కాదు. ఫిబ్రవరి దాకా వదిలేయాలి.

కవరు కప్పాలన్న కోరిక ఆగకపోతే, తుఫాను వాన పడే రెండు రోజులు నారుమళ్ల మీద కప్పి, వాన ఆగగానే తీసేయొచ్చు. పక్కలు తెరిచి ఉండాలి, కవరు ఆకును తాకకూడదు. మదనపల్లె, పలమనేరు వైపు అరటి పిలకలు, బొప్పాయి మొక్కలు పెట్టేవాళ్లకు మాత్రం చలి లెక్కలోకి వస్తుంది. 14, 15 డిగ్రీల కింద అరటి ఎదుగుదల ఆగిపోతుంది, గెల వేయాల్సిన చెట్టయితే గెల గొంతులోనే ఇరుక్కుంటుంది. గెల నడిచలిలో పడకుండా నాటే నెల మార్చుకోవడం తప్ప దీనికి మందు లేదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని సామెత. తోటలో అది అంతకన్నా ముందే పోవడం మొదలవుతుంది. జనవరి చివర వారంలో గాలి పొడిబారి, ఉదయం ఏడున్నరకే ఆకు ఆరిపోతుంటే, లేట్ బ్లైట్ భయం తగ్గి, ఆకు రసం పీల్చే తామర పురుగు, నల్లి భయం మొదలవుతుంది. నల్లికి పొడి గాలే అనుకూలం. ఆకు అడుగున నీళ్లు కొట్టడం అప్పుడు మేలు చేస్తుంది, రెండు నెలల కిందట అదే పని కీడు చేసింది. మామిడి పిందె బఠాణీ గింజంత అయ్యాక, అక్టోబరులో ఆపిన నీటి తడులు మళ్లీ మొదలుపెట్టాలి.